చీకటికి అరగంట

తలుపు మూశాక అరగంట ఆగాలి.
కన్ను చీకటికి అలవాటు పడడానికి అంత పడుతుంది.
ఆ అరగంట కూలి ఎవరి ఖాతాలోదో
ఒప్పందం పదకొండో పేజీలో ఉంది.

యేనా ఊళ్ళో, యూనివర్సిటీ నేలమాళిగలో నా గది.
కిటికీ లేదు. గోడలకి నల్ల రంగు.
గడ్డం ఆనించే గిన్నె, నుదురు ఆనించే పట్టీ,
మనిషి మనిషికీ నేనే స్పిరిటుతో తుడుస్తాను.
మిషను నదికి అవతలి కంపెనీ కొనిపెట్టింది,
కరెంటు యూనివర్సిటీది,
కళ్ళు ఊరివాళ్ళవి,
గంటకి పన్నెండు యూరోలు.

మంగళవారం రోస్విటా వోల్‌రాబ్ వస్తుంది.
దేశం రెండుగా ఉన్న రోజుల్లో
ఇరవై ఏడేళ్ళు కటకాలు సానబట్టిన మనిషి.
వేలిముద్రలు అరిగిపోయి
సొంత ఫోనే ఆమెను గుర్తుపట్టదు.

చీకట్లో కబుర్లు చెబుతుంది.
ఒకసారి ఇసుక నలుసు పడి
పెద్ద కటకం మీద గీత పడిందట.
ఏప్రన్లో దాచి ఇంటికి తెచ్చి
పెరట్లో గూస్‌బెర్రీ పొద కింద పాతిపెట్టిందట.
"నెల తిరిగేసరికి లెక్కలో తేలింది.
గాజు కుళ్ళదు కదా," అంటుంది.

అరగంట అయ్యాక తెర మీద బూడిద చారలు,
కుడికి వాలినవి, ఎడమకి వాలినవి,
రానురానూ పలచబడేవి.
కొత్త కటకంతో నూట ఇరవై సార్లు,
పాతదానితో నూట ఇరవై సార్లు.
"ఇక ఏమీ ఆనట్లేదమ్మా."
"కనపడకపోయినా ఏదో ఒకటి నొక్కాలండీ.
అది రూలు."

నలభై ఒక్క మంది నొక్కారు.
నీనో, జార్జియా నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని,
గ్రాఫు గీసి నా బల్ల మీద పెట్టింది:
కొత్త గీతా పాత గీతా
ఒకే దుప్పటి కింద అక్కచెల్లెళ్ళు.

కంపెనీ ఉత్తరం మర్యాదగానే ఉంది.
మరికొంత విశ్లేషణ అవసరం,
ప్రచురణకి ఆరు నెలలు ఆగగలరు,
పద్నాలుగో పేజీ చూడగలరు.
ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి ముక్కు నలుపుకున్నాడు.
ముగ్గురు పిల్లల స్కాలర్‌షిప్పులు అతని చూపులో ఉన్నాయి.

కంపెనీని తిట్టడం నాకు తేలిక కాదు.
పోయినేడు ఇదే మిషను
మా వీధి రొట్టెలాయన కంట్లో నీటికాసులు పట్టింది.
ఆయన ఇంకా తెల్లవారుజామున పిండి పిసుకుతున్నాడు,
నేను ఇంకా ఆ రొట్టె తింటున్నాను.

ఈ మంగళవారం, పది నిమిషాల చీకటి గడిచాక,
"నా చారలు ఏమయ్యాయి?" అంది రోస్విటా.
చెప్పకూడదు. సంతకం పెట్టాను.
నా మౌనం కాస్త పొడుగైంది.
"తేడా లేదు, అంతేగా?
కంటికి పెట్టిన నాడే తెలిసింది నాకు.
గాజు నన్ను మోసం చేయదు."
"నాకు కనపడలేదండీ," అన్నాను.
"కనపడకపోయినా ఏదో ఒకటి నొక్కాలమ్మా,"
అని నా రూలు నాకే చెప్పింది.

వెళ్ళేముందు కంపెనీ కానుక ఇచ్చాను,
అద్దాలు తుడుచుకునే నీలం గుడ్డ, అంచున వాళ్ళ పేరు.
కంటితుడుపు అంటే ఇదే కాబోలు.
ఆవిడ దాంతో గడ్డం గిన్నె తుడిచి
మడత పెట్టి నా బల్ల మీదే వదిలేసింది.

మరునాడు చూస్తే
నల్ల గోడ మీద సుద్దతో ఒక తేదీ,
అక్టోబరు పద్నాలుగు. నీనో చేతిరాత.
ప్రొఫెసర్ వచ్చాడు, చూశాడు,
చూసీ చూడనట్టు వెళ్ళాడు.
తుడవమని మాత్రం అనలేదు.

ఇప్పుడు మనుషుల్ని కూర్చోబెట్టి దీపం ఆర్పుతాను.
మొదట ఏమీ ఉండదు.
ఇరవయ్యో నిమిషానికి, మిషను పచ్చ చుక్క వెలుగులో,
ఎవరో ఒకరు అడుగుతారు,
"ఆ గోడ మీద ఏమిటది?"