తూకం గుండు

మిర్చి యార్డులో మా కమిషన్ కొట్టు.
బల్ల మీద అద్దం, అద్దం కింద
ఎవరో ఎక్స్‌పోర్టు వాళ్లిచ్చిన పాత క్యాలెండరు కాగితం:
మెక్సికో నగరం, పెద్ద చర్చి.
మూలన రెండు మిరప గింజలు ఇరుక్కున్నాయి,
ఏళ్లయింది, తియ్యలేదు.

మోజేసు టిక్కీ దించి తలగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.
"ఏ ఊరి చర్చి అండీ ఇది?"
మిరపకాయ పుట్టినూరు, అన్నాను.
"అట్టయితే మన వియ్యాలవారే."
వేళ్ల నిండా కారం, అందుకని
మోచేత్తో తాకి చూశాడు.

చదివినంత మేర చెప్పాను.
నీళ్ల మధ్య కట్టిన ఊరది.
అక్కడ ముందొక గుడి ఉండేది, దాన్ని పడగొట్టి
ఆ రాళ్లనే తెచ్చి ఈ గోడల్లో పెట్టారు.
పాత దేవుడు పునాదిలో, కొత్త దేవుడు పైన,
ఇద్దరి బరువూ బురద మీద.
కుంగుతోంది, అదీ ఒక్క తీరున కాదు,
ఒక మూల ముందు, ఒక మూల వెనక.
కప్పు నించి తూకం గుండు వేలాడదీసి
ఎటు ఎంత ఒరిగిందో చూస్తారు.
పక్క వీధిలో కరెంటు వాళ్లు తవ్వుతుంటే
కాళ్లూ చేతులూ తెగిన చంద్రదేవత
ఒకే రాతి పలక మీద బయటపడింది.
పలుగు పట్టినవాడు అప్పుడేమన్నాడో
నేను చదివినదాంట్లో లేదు.

మోజేసు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.
"మా తాత అమరావతి దిక్కున సున్నపు బట్టీలో చేశాడండీ.
వాళ్ల తాతల నాడు దిబ్బ తవ్వి
తెల్లరాళ్లు బట్టీలో వేసేవాళ్లంట.
తామరపువ్వు కాలిందంట. ఏనుగు కాలిందంట.
బొమ్మలున్న రాయే
మహా తెల్లగా దిగేదంట సున్నం."

నాకేం పలకాలో తెలియలేదు.
లాలాపేటలో ఎన్ని పాత మిద్దెలు!
ఏ గోడ గీకితే ఎవరి పాదం రాలుతుందో.
మా నాయనమ్మ తమలపాకుకి రాసుకున్న సున్నం,
ఎర్రగా పండిన ఆమె నాలుక.

లారీ హారన్ కొట్టింది.
మోజేసు మళ్లీ టిక్కీ కిందికి వంగాడు.
ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్లు కిందికి,
నేను ఈ కొట్లో చేరిన నాటికే అంతే.
"ఆ గుండేదో నాకూ ఒకటి కట్టండి" అన్నాడు గడప దాటుతూ,
నవ్వాడో దగ్గాడో, కారం ఘాటులో తెలియలేదు.

కాటా ముల్లు కాసేపు ఊగి నిలిచింది.
చీటీ మీద రాశాను: నలభై ఒకటిన్నర.
తరుగు అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.