రెండో పొర

ఆరు నెలలు ఆయన తలకి తడిగుడ్డ చుట్టే పెట్టినారు.
చేయి అయింది, కాలు అయింది.
రొమ్ము తెరిచి గుండెని ట్రేలోకి తీసి
తలా ఒకసారి అరచేతిలో బరువు చూసినాం.
తల మాత్రం చివరికి, అనింది మేడం.

నాలుగో నంబరు బల్ల.
కిటికీలోంచి చూస్తే కొండ.
ఏ మలుపులో ఏ బస్సు ఉంటాదో
గడియారం చూసి చెప్పగలను.
మా నాయన నాలుగున్నర బస్సుకి ఎక్కుతాడు,
కల్యాణకట్టలో ఆయనది కత్తి పని.
నాదీ ఇప్పుడు అదే కదమ్మా అంటే
అమ్మ నవ్వదు.

మొదటి నెలంతా పెరుగన్నంలోనూ ఫార్మలిన్ వాసనే.
పలమనేరు షాహీనా ముక్కుకి చున్నీ కట్టుకుని
పుస్తకం బయటికి చదివేది,
నేను కోసేదాన్ని.
"ఏమ్మే, నీకు చేయి వణకదా?"
ఏం చెప్పేది?
ఏడేళ్లప్పుడే సొరకాయ మీద సబ్బునురగ పూసి
కత్తి పట్టడం నేర్పినాడని,
తొక్కకి గీత పడితే
ఆ పూట సొరకాయ కూరేనని,
చాలా పూటలు సొరకాయ కూరే తిన్నామని?
కాలేజీ ఫారంలో తండ్రి వృత్తి దగ్గర
దేవస్థానం ఉద్యోగి అని రాసినా.
అబద్ధం కాదు.

నిన్న గుడ్డ తీసినారు.
చెంగల్రాయులన్న ముడి విప్పుతా
"బస్టాండు కాడ పడిపోయినాడంట,
ఎవురూ రాలా" అన్నాడు.

గుండు.
నున్నటిది కాదు,
కోత అయిన మడిలో కొయ్యకాళ్ల మాదిరి
నాలుగైదు రోజుల తెల్లటి మొలక.
గంధం ఉందేమోనని చెవి వెనక చూసినా.
ఉండదు, తెలుసు,
అంత మందులో నానినాక ఏం మిగుల్తాది.
ఉన్నది ఒక గాటు.
వడ్లగింజంత. సగం మానింది.

ఏ ఊరో. ఏం కావాలని మొక్కినాడో,
అది అయిందో, కాకముందే తీర్చేసినాడో.
కొండ మీద వెంట్రుకలిచ్చినాడు,
కింద మాకు మిగతాదంతా.

రాత్రి కొర్లగుంటలో మా ఇంట్లో
నాయన సంగటి తింటా ఉన్నాడు.
నీళ్లలో నాని నాని
ఆయన వేళ్ల కొసలు ఎప్పుడూ ముడతలే.
"నాయనా, తల మీద తెగితే
నెత్తురు ఎందుకు ఆగదో తెలుసా?"
"ఆగదు. పటిక అద్ది
బొటనవేలితో ఎముకకేసి అదమాల."
పుస్తకంలో ఉండేదీ అదే, పటిక తప్ప.
చెప్పినా:
రెండో పొరలో నెత్తురు గొట్టాలు
గట్టి నారకి అంటుకుని ఉంటాయి,
తెగితే ముడుచుకోలేవు,
నోరు తెరుచుకునే ఉంటాయి.

ముద్ద చేతిలోనే ఆగింది.
"ముప్పై ఏండ్లు" అన్నాడు.
"నోరు తెరుచుకునే ఉంటాయా."

ఎడమచేత్తో నా తల వెనక తడిమి
"ఈడ చిన్న పల్లం ఉంటాది, కత్తి వాలు మార్చాల.
దీనికీ పేరుందా?"
లాంబ్డా, అన్నా.
లామడా, లామడా అనుకుంటా చేయి కడుక్కున్నాడు.

"నీ కత్తికి గాటు పడతాదా ఎప్పుడన్నా?"
"ఎందుకు పడదు?
పిల్లోళ్లు కదిలినప్పుడు.
ముసిలోళ్లు ఏడ్చినప్పుడు."

దినానికి ఎన్ని తలలని అడగబోయినా.
ఆరు నెలల ముందు ఏ షిఫ్టని అడగబోయినా.
నాయన అప్పటికే నాలుగుకి అలారం పెట్టి
గోడ పక్కకి తిరిగినాడు.

ఈ పొద్దు మధ్యగీత నేనే పెట్టాల.
కొత్త బ్లేడు తొడిగినా.
ఎడమచేయి దానంతట అదే పోయి
చెవి వెనక ఆ గాటు మీద బొటనవేలు అదిమింది.

"ఎందుకే? నెత్తురు రాదు కదా" అనింది షాహీనా.

"మా నాయన కొండ మీద గుండ్లు గీస్తాడు" అన్నా.

చున్నీ కిందికి లాగి నన్ను చూసింది.
ఆయన తలనీ చూసింది.
ఏమీ అనకుండా
పేజీ మీద వేలు పెట్టి మొదలుపెట్టింది:
ఒకటో పొర, చర్మం.