ఓరకంట

"ముందు ఆ డబ్బా పారెయ్యండి" అన్నాడు నిబాల్దో.
డబ్బా మీద ఊదారంగు పాలపుంతలు, నిప్పుల ఉంగరాలు.
సంతలో ముప్పై వేల పెసోలకి బేరమాడి తెచ్చిన దుర్భిణి.
వారం రోజులు అందులో నాకు కనిపించింది
నా కనురెప్పల వెంట్రుకలే.

కొంబర్బలా బస్టాండులో టిక్కెట్లు చింపేదాన్ని నేను,
ఎదెల్మిరాని, యాభై ఎనిమిదేళ్ళదాన్ని.
తొమ్మిదిన్నరకి ఒవాయే వెళ్ళే ఆఖరి బస్సు కదిలాక
ఇన్నాళ్ళూ తల దించుకునే ఇంటికి నడిచాను,
చిల్లర లెక్క కుదరని రోజుల్లో మరీను.

నిబాల్దోకి పధ్నాలుగేళ్ళు. ఇంటింటికీ మందులు చేరవేస్తాడు.
నా దుర్భిణి కాళ్ళు వణకడం చూసి
మూడు కాళ్ళ మధ్య ఇసుక సంచి వేలాడదీశాడు.
టార్చికి ఎర్ర చాక్లెట్ కాగితం చుట్టాడు.
"ఇక కూర్చోండి. ఇరవై నిమిషాలు ఏమీ చెయ్యకండి."

ఏమీ చెయ్యకపోవడం
నాకెవరూ నేర్పలేదు.
మూడో నిమిషానికి పొయ్యి మీది చిక్కుళ్ళు గుర్తొచ్చాయి.
పదో నిమిషానికి గడప, గోడ, మేకల దొడ్డి
ఒక్కొక్కటే చీకట్లోంచి వచ్చి నిలబడ్డాయి
హాజరు వేయించుకోడానికన్నట్టు.
ఇరవయ్యో నిమిషాన తలెత్తితే
పైన ఖాళీ జాగా లేదు.

పటం ఎక్కడో ఉత్తరాన అచ్చయింది.
అందులో వేటగాడు నిటారుగా నిలబడ్డాడు,
మా పెరటి మీద వాడు తలకిందులు.
పుస్తకమే తిప్పి పట్టుకున్నాను.
వాడి నడుం మీది మూడు చుక్కలూ
మా అమ్మ చూపించిన ముగ్గురు మరియలే!
ఆ పక్కన ఏడు మేకపిల్లలు. లెక్కపెడితే ఆరు.
మేకలు కాసినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు.

మరియల పైన ఒక మసక మరక ఉందట.
సూటిగా చూశాను. లేదు.
"అలా కాదు. పక్కకి చూడండి, ఓరకంట."
ఓరచూపా!
పద్దెనిమిదేళ్ళప్పుడు చర్చి బెంచీ మీంచి
ఎలియోదోరోని చూసిన చూపు.
అతను గనులకి వెళ్ళిపోయాడు. చూపు మిగిలిపోయింది.
దాన్నే ఇప్పుడు అటు జరిపితే
మరక మెల్లగా రెక్కలు విప్పింది,
బూడిదరంగు చిమ్మటలాగా.
సూటిగా తిరిగానో లేదో, మాయం.

మూల మీద మునిసిపాలిటీ వాళ్ళ తెల్ల దీపం.
అర్జీ పెట్టమన్నారు, పెట్టాను.
మూడు నెలలు చూసి
పాలపొడి డబ్బా కోసి, నిచ్చెనేసి
నేనే దానికి గొడుగు తొడిగాను.
మర్నాడు ఎదురింటి ఒతీలియా వచ్చింది.
"నా గుమ్మం చీకటి చేశావు" అంటూ
పట్టపగలే నాకు చుక్కలు చూపించింది.
"రాత్రికి రా, నేనూ చూపిస్తాను" అన్నాను.

వచ్చింది, శాలువాతో, చీపురుతో.
నిబాల్దో శనిని పట్టి పెట్టాడు.
ఆమె ఒంటికన్నుతో చూసి వెనక్కి తగ్గింది.
దుర్భిణి ముందుకు నడిచి
గొట్టం మూతిలో చెయ్యి పెట్టి తడిమింది
అద్దానికి బొమ్మేదో అంటించామని.
ఆ వేలిముద్ర ఇంకా ఉంది. తుడవనివ్వలేదు నేను.
మళ్ళీ చూసింది.
ఈసారి చీపురు గోడకి ఆనించింది.

అమ్ముడుపోని టిక్కెట్ల వెనక రాసుకుంటాను.
జూన్ పదకొండు: సముద్రం వైపు నుంచి మబ్బు. చూసింది, ఏమీ లేదు.
జూన్ పన్నెండు: అదే మబ్బు. ఒతీలియా టీ ఫ్లాస్కు తెచ్చింది. చూసింది, ఏమీ లేదు.
జూన్ పదమూడు: పదకొండింటికి మబ్బులో ఒక చీలిక.
దక్షిణపు శిలువ, సగం.
బల్ల మీద నిబాల్దో నిద్రపోతున్నాడు.
లేపాలా వద్దా అనుకునేలోపే
మూసుకుపోయింది.