పదో గంట మడత

గుణుపురం బజార్లో, ఐసుక్రీము పెట్టె అడుగున
బఠానీ సంచుల కింద దొరికింది.
ఆరు ఎగ్ రోల్సు, నూట నలభై రూపాయలు.
అట్ట మీది బొమ్మలో ఆవిరి లేస్తోంది.
మేం చుట్టినన్నాళ్లూ
వాటినించి ఆవిరి లేవడం నేను చూడలేదు.

గున్నమ్మత్త పళ్లెంలో పరిచి ఎండలో పెట్టబోయింది,
సేపకైనా మంచు దిగాల గదే, అంటూ.
వొద్దత్తా, మంచు దిగితే మెత్తబడి మడత ఇప్పుకుంటాది,
గడ్డగా ఉన్నప్పుడే నూనెలో పడాల.
అట్ట వెనకాల అదే రాసుంది
ఇంగ్లీషులో, హిందీలో, గుజరాతీలో.
ఒడియా లేదు, తెలుగు లేదు.
"మరి మనకెవులు సెప్తారే?" అంది అత్త.
నేను చెప్పాను.

నూట డెబ్బై డిగ్రీలు కాగాలని రాశాడు వాడు.
మా ఇంట్లో డిగ్రీలు లేవు.
ఒక ఉల్లిపాయ రేకు ఉంది:
మునిగి ఊరుకుంటే ఇంకా కాగలేదు,
నల్లబడితే మించిపోయింది,
బుడగలు కట్టుకుని గునగునా పైకొస్తే సరి.
అత్త చెయ్యి ఆవనూనె సీసా మీదికి పోయింది.
ముప్పయ్యేళ్లు ఒడియా వాళ్ల వీధిలో ఉండి
ఆమె ముక్కు అటే తిరిగిపోయింది.
నేను పామాయిలు పోశాను.

మొదటిది వెయ్యగానే చిటచిటా పేలింది.
మూతని డాలులా పట్టుకుని వెనక్కి గెంతింది అత్త.
మంచు పలుకులు దులిపి వెయ్యాలి,
తెలిసీ మర్చిపోయాను.
పైకి ఎర్రగా వేగింది గానీ
విరిస్తే లోపల క్యాబేజీ ఇంకా కరకరమంటోంది.
మంట తగ్గించాను.
ఇక తిప్పుతూ, ఎనిమిది నిమిషాలు.

ఎనిమిది నిమిషాలంటే అక్కడ నలభై రోల్సు.
మా బల్లల దగ్గర చలి ఎనిమిది డిగ్రీలు.
రెండు గ్లౌజుల లోపల వేళ్లు
ఎవరి దగ్గరో అరువు తెచ్చినట్టుండేవి.
మినతి సబర నా ఎదురు బల్ల,
మాట్లాడకూడదు గనక కనుబొమలతో నవ్వేది.
కింది అంచు మీదికి, ఎడమ, కుడి,
పిండి జిగురు, దొర్లించు.
సూరత్ దాటినాక ఉన్న ఆ ఊరి పేరు
ఇప్పటికీ నాకు నోరు తిరగదు,
ఈ నాలుగు మాటలు మాత్రం
నిద్రలో కూడా నా చేతులంటాయి.
గుడ్డు వాసన? చలిలో దేనికీ వాసనుండదు.
రెండేళ్లలో ఒక్కటీ తినలేదు.
తింటే ఆ రోజు కూలి కోత.

మిగిలిన ఐదూ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాను.
నాలుగు, షిఫ్టు మొదట్లో చుట్టినవి,
మూలలు ఇస్త్రీ దుప్పటి మూలల్లా ఉన్నాయి.
ఎవత్తో ముందు రాత్రి బాగా నిద్రపోయింది.
ఐదోదానికి
కుడి రెక్క పొట్టి, జిగురు సగమే తాకింది.
ఇది పదో గంట.
వేళ్లు చెప్పిన మాట వినని గంట,
పర్మార్ వచ్చి గడియారం కింద నిలబడే గంట.
వాడి కన్ను ఎలా తప్పించుకుందో!

అనుకున్నట్టే నూనెలో నోరు తెరిచింది.
గుడ్డు, క్యారెట్టు, దాచుకున్నదంతా బయటపడింది.
"దొంగ కంపినీ," అంది అత్త, జల్లిగరిటెతో ఏరుతూ.
"డబ్బులు తిరిగిత్తాడేమో అడగ్గూడదా?"

గోడ మీంచి బిరంచిగాడు తల పెట్టాడు,
కొణొ బాసుచి, కొణొ బాసుచి అంటూ.
వాడికి రెండు. అత్తకి రెండు, టమాటా పచ్చడితో.
ఉప్పు తక్కువంది. తినేసి, ఇంకోటుందేమోనని చూసింది.

పగిలినది నేను తీసుకున్నాను.
నూనె తాగి బరువుగా ఉంది.
ఊదీ ఊదకుండానే కొరికి, నాలుక కాల్చుకుని,
అంటుకోని ఆ పొట్టి రెక్కని
పళ్ల మధ్య పట్టుకుని
కాసేపు నమలకుండా ఉండిపోయాను.