మొద్దు మోత

పొదిలి రోడ్డు మీద, చీమకుర్తి దాటాక
మూతబడిన పాలిష్ ఫ్యాక్టరీ ఒకటుంది.
గేటుకి తాళం, తాళానికి తుప్పు,
వెనక రేకుల గోడకి మాత్రం మనిషి పట్టేంత సందు.
శనివారం రాత్రి పదికి
ఆ సందులోంచి ముందు డ్రమ్ములు పోతాయి,
తర్వాత మేం.

బ్యాండు పేరు అడగబాకండి.
మస్తాన్‌వలి దాన్ని చిల్లకంప లాగా గీశాడు,
ఏ ముల్లు ఏ అక్షరమో గీసినోడికే తెలవదు.
వాళ్ళ నాయన చొక్కా వెనక ఆ బొమ్మ చూసి
"ఏం భాషరా ఇది?" అన్నాడంట.
"మనదే అబ్బా" అన్నాడంట వీడు.
మోటార్లకి వైండింగ్ చేసే కొట్టు వాళ్ళది.
కొట్లో ఉన్నవాట్లో అన్నిటికన్నా సన్న తీగ తీసి
గిటారు పికప్ తనే చుట్టుకున్నాడు,
ఆరువేల చుట్లు, నోటితో లెక్కబెట్టి,
నాలుగువేల కాడ తుమ్మొచ్చి, మళ్ళీ ఒకటి నుంచి.

సువార్త పగలు ఒంగోలు బస్టాండులో మైకు.
"పొదిలి మీదుగా కనిగిరి వెళ్ళు బస్సు..."
ఎంత మెత్తగా చెబుతదంటే
ఊరికే నిలబడ్డోళ్ళకి కూడా కనిగిరి పోవాలనిపిస్తది.
ఆదివారం చర్చిలో పాటల గుంపులో ముందు వరస.
మధ్యలో ఈ ఒక్క రాత్రి
కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకొని
పొట్ట అడుగునుంచి తోడుతది ఇంకో గొంతు.
పైన పావురాలు లేచిపోతాయి.
పాస్టరమ్మకి తెలుసంట.
ఏమందో చెప్పదు.

నేను వేబ్రిడ్జి కాడ చీటీలు రాస్తా.
హెవీ అంటే ఏందని ఎవరన్నా అడిగితే
నలభై రెండు టన్నులు, లారీతో కలిపి, అంటా.
బేస్ వాయిస్తా.

శ్రుతి పెట్టె లేదు మాకు.
గోడవతల ట్రాన్స్‌ఫార్మర్ రాత్రంతా మూలుగుతా ఉంటది,
అదే తంబూరా.
కరెంటు పోతే శ్రుతీ పోద్ది,
చీకట్లో కూర్చొని బొరుగులు తింటాం.

మాలకొండయ్య సంగతి వేరే.
పొద్దస్తమానం క్వారీలో జాక్‌హామర్ పట్టిన చేతులు
రాత్రయినా ఆగవు.
టీ గ్లాసు ఇస్తే సగం ఒలకబోస్తాడు.
కర్రలు ఇస్తే ఒక్క దెబ్బ ఒలకదు.
పాటకి ముందు ఒకటీ రెండూ అని లెక్కపెట్టడు,
నోటితో సైరన్ కూస్తాడు, మూడుసార్లు,
మధ్యాన్నం బ్లాస్టింగుకి ముందు కూసినట్టే.
తర్వాత కాసేపు ఏమీ ఉండదు.
ఆ ఏమీ లేనప్పుడు నాకు
ప్రతిసారీ పరిగెత్తాలనిపిస్తది.

పోయిన శనివారం వాళ్ళ నాయన వచ్చాడు.
మేం పిలవలా. బయట కొడుకు సైకిలు గుర్తుపట్టాడు.
ముప్పై ఏళ్ళు రాయి కొట్టిన మనిషి,
నాలుగడుగులకి ఒక దగ్గు.
సందులో దూరే ఊపిరి లేక
బయటే, పగిలిన స్లాబు మీద కూర్చున్నాడు.
మేం కొత్త పాట ఎత్తుకున్నాం.
రాయి దుమ్ము మీద నేనే రాశా దాన్ని,
"రొమ్ములో చుక్కలు మెరిసె" అనో ఏదో.
మా నల్లరాయిలో బంగారు చుక్కలుంటాయి గదా,
అందుకని.
ఆయన అక్కడ కూర్చొని దగ్గుతుంటే
ఆ మాటకి నాకే సిగ్గేసింది.
అదృష్టం, సువార్త అరిస్తే మాటలు తెలవవు.

అయిపోయాక రేకు మీద వేలితో కొట్టాడు,
రెండుసార్లు, బండని కొట్టి చూసినట్టు.
"ఒరే, లోపల ఏదో పగిలుంది."
"ఏంది నాయనా?"
"రాయి బాగుంటే ఖంగుమంటది.
చీలికుంటే మొద్దు మోత.
మీ కుడిపక్క మొద్దు మోత వస్తా ఉంది."

కుడిపక్క ఉండేది నేను.
సెల్లు లైటు వేసి చూస్తే
నా స్పీకరు అట్టకి అంచెంబడి జానెడు చీలిక.
ఎన్నాళ్ళ నుంచో.
మాలకొండయ్య చెవులు లెక్కలోకి రాకపోయినా
ఇంకా ఆరు చెవులున్నాయి మాకు.

మస్తాన్ జేబులోంచి గమ్ము తీశాడు.
"ఉండనీ" అంది సువార్త,
బస్టాండు గొంతుతో, మొదటిసారి ఆ షెడ్డులో.

మాలకొండయ్య సైరన్ కూశాడు.
ఒకసారి.
రెండోసారి.
మూడోది బయటనుంచి వచ్చింది,
సగంలో దగ్గు అడ్డమొచ్చి.