పోర్టరు

రైల్వే ఇన్‌స్టిట్యూట్ బారు వేలానికి
సామాన్ల పట్టీ రాయమని నన్ను పంపినారు.
గుంతకల్లు ఎండ కిటికీ అద్దాల్లోంచి దిగి
పాత బీరు రంగులో నేలమీద పడుంది.

బేరర్ మద్దిలేటి తాళాలు తెచ్చినాడు.
రిటైరై పదకొండేండ్లు.
భుజమ్మీది తుడుపుగుడ్డ మాత్రం దిగల్యా.

ఇత్తడి గంట, ఒకటి. నాలుక లేదు.
సత్తు మగ్గులు, ఏడు. ఒకదానికి చెవి లేదు.
డార్టు బోర్డు, ఒకటి. నడిమధ్యన చెదలు.
నేను రాస్తా పోతాంటే
ఆయన ప్రతిదానికీ ఒక మనిషిని తగిలిస్తాడు:
ఈ మగ్గు డ్రైవరు బెంజమిన్ దొరది,
మెయిలు దిగి మొగం కడుక్కోకుండానే వచ్చేవాడు,
నురగ మీద బొగ్గునుసి తేలేది.
"వంచాల్సింది మగ్గును, సీసాను కాదు" అని
ఖాళీ మగ్గును వంచి చూపించినాడు.
ఆ మణికట్టుకు పట్టీలో గడి లేదు.

వాళ్ల నాయన కాలంలో బెంగళూరు నుంచి పీపాలు
బ్రేకువ్యానులో తడిగోనె కప్పుకొని
బాలింతల మాదిరి వచ్చేవంట.
కుదిపితే కోపం. రెండు రోజులు కదిలించకుండా పండబెట్టాల.

"నల్లబీరు ఒకటుండ్లా, పోర్టరనేవాళ్లు దాన్ని.
లండన్లో మూటలు మోసేవాళ్లు తాగేదంట,
అందుకే ఆ పేరంట, దొరలే చెప్పినారు.
మా నాయనా పోర్టరే. నంబరు పద్నాలుగు.
పీపా వాకిలిదాకా మోసేవాడు.
వాకిలి దాటనిచ్చేవాళ్లు కాదు."
నవ్వినాడు. నేను నవ్వల్యా.
"దాటింది నేను.
తుడిచేదానికి."

ఆఖర్న మిగిలింది కౌంటరు.
గుడ్డ తీసి రుద్దినాడు.
దుమ్ము కింద్నుంచి గుండ్రాలు లేచినాయి
ఒకదాన్నొకటి కొరుక్కుంటా,
మొదటి వాన పడి ఆగిపోయిన చేన్లో
చినుకుల అచ్చుల మాదిరి.

"ముప్పై ఏండ్లు తుడిచినా పోల్యా ఇవి.
అప్పుడు వీటికోసం తిట్లు తిన్యా.
ఇప్పుడు ఎవడన్నా రందా పడతాడేమోనని..."
మాట మింగి మళ్లీ రుద్దినాడు.

అంచు కింద, మోకాలు తగిలేచోట,
మేకుతో గీసిన పద్నాలుగు.
లోపలివైపే ఉంది.
ఏ రాత్రి గీసినారో, ఎవరు తలుపు తీసినారో
నేను అడగల్యా. ఆయన
గుడ్డతో దాన్ని ఒక్కసారి అద్ది వదిలేసినాడు.

కౌంటరు, టేకు, పన్నెండడుగులు.
మరకలున్నవి.
ధర గడి ఖాళీగా పెట్టినా.

పోయేముందు
నాలుకలేని గంటను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి
"టైమయింది సార్లూ" అన్నాడు మద్దిలేటి
కుర్చీలు ఎత్తేసిన హాలుతో.
కాసేపు ఆగినాడు,
ఎవరో గ్లాసు ఖాళీ చెయ్యాల్సుందన్నట్టు.
తర్వాత తాళమేసినాడు.