జీన్సు కాలు

హైమ జాకెట్టు తిరిగొచ్చింది.
పెళ్ళిపీటల మీద మూడు గంటలు
ఎడమ చంక కింద ఏదో గుచ్చుతూనే ఉందట,
తాళి కట్టే వేళ గోక్కుంటే బాగోదని ఓర్చుకుందట.
"ఏటో చీమనుకున్నాను ఈశ్వరక్కా!"
లైనింగు విప్పి చూస్తే
నా కుట్టు కిందే, పద్ధతిగా,
రెండంగుళాల ఎండుగడ్డి పోచ.

దొంగలు ఎక్కడికీ పారిపోలేదు.
మిషను కింద పడుకుని ముక్కులాడిస్తున్నారు.
తెల్లది ముంజె, గోధుమరంగుది తేగ.

కంచరపాలెంలో ఒంటిగది నాది.
పగలు కొట్టు, రాత్రి ఇల్లు,
ఏ వేళైనా కుందేళ్ళ దొడ్డి.
అడవివరం నుంచి ఎర్రునాయుడు
పాలక్యాన్ల మధ్య ఇరికించి
వారానికో గడ్డికట్ట తెస్తాడు.
తాడు తెంపగానే
సింహాచలం కొండ వెనక ఎండంతా గదిలోకి దూకుతుంది.
నేను తుమ్ముతాను.
గోనెసంచిలో దాస్తాను, ప్లాస్టిక్‌లో పెడితే
సముద్రపు చెమ్మకి రెండు రోజుల్లో బూజు.

దాచడం సరే. పెట్టడమే రాలేదు నాకు.
అట్టపెట్టెలో పెట్టాను,
గడ్డి వదిలి పెట్టెను తిన్నాయి.
చేపలరేవులో కొన్న బుట్టలో పెట్టాను,
తేగ అందులోకెక్కి కూర్చుంది,
కూర్చున్నచోటే కానిచ్చింది,
ఆనక ఎవరిదో ఎంగిలన్నట్టు మొహం తిప్పుకుంది.
పళ్ళెంలో పెడితే ముంజె
ఒక్కో పోచా లాగి, వాసన చూసి,
ఇది కాదు, ఇదీ కాదు,
పట్టుచీర మీదికొకటి, టేపు మీదికొకటి,
కుక్కర్లోకొకటి.

చీపురెత్తి తిట్టబోయాను.
పూర్ణా మార్కెట్‌లో ఒక్క ముక్క కోసం
ఇరవై తాన్లు పరిపించిన చేయి నాదే కదా!
రేవులో ప్రతి చేపకీ మొప్ప ఎత్తి చూసి
ఏదీ కొనకుండా లేచొచ్చిందీ నేనే.
ఏరుకుని తినే నోటి చుట్టూ
నాలుగు పోచలు రాలకుండా ఎలా?
రాలనీ. ఎక్కడ రాలాలో అది నేను చూసుకుంటాను.

ఆ రాత్రి మేకుకి వేలాడుతోంది
ఏడాదిగా ఎవరూ అడగని జీన్సు.
షిప్పెక్కే కుర్రాడిది. రెండంగుళాలు పొట్టి చెయ్యమని
సుద్దగీత పెట్టించుకుని పోయాడు.
సుద్ద కూడా చెరిగిపోయింది.
మోకాలి దగ్గర కత్తెర పెట్టాను.

అడుగు మూసి కుట్టాను, పైన నాడా.
ఒంటికి రూపాయిబిళ్ళంత కన్నాలు ఆరు,
మూతి పట్టాలి, తల పట్టకూడదు.
కన్నం అంచంతా కాజా కుట్టు,
పళ్ళకి దారం పోగు దొరక్కుండా.
లోపల గడ్డి వదులుగా, కుక్కకుండా.
తలెత్తితే అందేంత ఎత్తులో కట్టి
సరిగ్గా కింద వాటి దొడ్డిపళ్ళెం,
పళ్ళెంలో నిన్నటి పేపరు.
తింటూ రాల్చుకుంటాయి, రాల్చిన చోటే కానిస్తాయి,
పొద్దున్నే మొత్తం మడిచి
మేడమీద బంతిమొక్కల మొదట్లో వేస్తే సరి.

వారం రోజులు ఏ జాకెట్టూ తిరిగి రాలేదు.

ఎనిమిదో రోజు గుమ్మంలో నీడ.
"అక్కా, నా జీన్సు?"
నోరు పెగల్లేదు. వేలు చూపించాను.
తన కాల్లోంచి తేగ
తాపీగా ఒక పోచ లాగి
నములుతూ అతన్నే చూసింది.

ఎండకి నల్లబడి, బరువు తగ్గి ఉన్నాడు.
నేల మీద గొంతుక్కూర్చుని
చాలాసేపు ఏమీ అనలేదు.
"రెండున్నాయి కదా, ఒక్క సంచి కాడ కొట్టుకోవా?
రెండో కాలూ కోసేయక్కా."

పొట్టి చేసిన కూలి నలభై అనుకున్నాం కదా అని
యాభై నోటు బల్ల మీద పెట్టాడు.
చిల్లర కోసం సొరుగు లాగితే
పది నోటుకి అంటుకుని
ఒక గడ్డిపోచ.